తడిగుడ్డతో తుడిచినవి

పోయినవి ముందు లెక్క వేసుకుంటాను. ఏ పని మొదలుపెట్టినా నాకదే అలవాటు. రాతిపలకలు మూడు పోయాయి. ఒకటి చేతిలోంచి జారి పగిలింది, ఒకటి బడి మానేసిన రోజున అమ్మ పక్కింటి పిల్లకు ఇచ్చేసింది, ఇంకొకటి ఎలా పోయిందో గుర్తులేదు. బలపాలు నలభైకి పైనే పోయి ఉంటాయి, కానీ సరిగ్గా ఎన్నో తెలియదు కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేశాను. అయిదో తరగతి తర్వాతి చదువు మొత్తం పోయింది. నా చేత్తో నేను తుడిచిన తప్పులు నూట నలభై రెండు. అవి పోయాయని నలభై ఏళ్లు నమ్మాను, కాబట్టి ఆ నమ్మకాన్ని కూడా పోయిన వాటిలోనే రాయాలి. టీచరు ఒకరు. చివరగా, మా అమ్మ నన్ను ఒక మాట అడగకుండా ఊరుకున్న సాయంత్రాలు పదకొండు. వీటిలో పలకల గురించి నాకేమీ బాధ లేదు.

అమ్మ అడిగే ఆ మాట ఏమిటో చెప్పాలి. గుంటూరు శివారులో మిరపకాయలు దాచే ఒక కోల్డ్ స్టోరేజీలో నేను బస్తాల లెక్క చూస్తాను. లెక్కలు నాకెవరూ నేర్పలేదు. పత్తి చేలో సాళ్లు లెక్కపెట్టుకుంటూ, కల్లంలో బస్తాలు లెక్కపెట్టుకుంటూ, బస్సులో కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్నాను. సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులు విప్పకముందే, గడప దగ్గర కూర్చున్న అమ్మ అడుగుతుంది: "ఇయ్యాల ఎన్నే?" ఎన్ని బస్తాలు లోపలికి వెళ్లాయో, ఎన్ని బయటికి వచ్చాయో చెప్తాను. అమ్మకు చదువు రాదు. వంద దాటితే ఏ అంకైనా ఆమెకు ఒకటే. అయినా అడుగుతుంది, నేను చెప్తాను, "ఊఁ" అంటుంది. తర్వాత నేను కాళ్లు కడుక్కుంటాను. ఈ అలవాటు బస్తాలతో మొదలు కాలేదు. నేను బడికి వెళ్లే రోజుల్లో మొదలైంది. అప్పుడు అడిగే మాట కొంచెం పొడవుగా ఉండేది: "ఇయ్యాల ఎన్ని తుడిచావే?"

ఈ మధ్య ఒకరోజు కోల్డ్ స్టోరేజీ గేటు ముందు ఒక ఆటో ఆగి హారన్ రెండుసార్లు కొట్టింది. కోటేశు. దర్శి దగ్గర మా ఊరి బళ్లో నాతో కలిసి చదివాడు, ఇప్పుడు మిర్చి యార్డు దగ్గర ఆటో తోలుతాడు. బండి దిగకుండానే కేక వేశాడు.

"రత్నం! మనం పుస్తకంలోకి ఎక్కామే!"

"ఏ పుస్తకంలోకి?"

"మన విమలమ్మ టీచర్ గారికి ఎనభై నిండినయ్యంట. కొడుకులు కల్యాణమండపంలో సన్మానం చేశారు. వచ్చినోళ్లందరికీ తలా ఒక పుస్తకం ఇచ్చారు. నీకని ఇంకోటి అడిగి తెచ్చా. ముప్పై రెండో పేజీ తియ్యి. నేనే. ఇంటిపేరుతో సహా ఏశారు."

"నువ్వేం చేశావని?"

"సెలవు చీటీలో ప్రధానోపాధ్యాయులు గారికి అని రాయమంటే ప్రధాన ఉపద్రవం గారికి అని రాశా గదా! మండపం మొత్తం నవ్వింది. ఆ హెడ్మాస్టరు గారి కొడుకు కూడా వచ్చాడు. ఆయనైతే, మా ఇంట్లో కూడా అంతేనయ్యా అన్నాడు!"

అరవై నాలుగు పేజీల చిన్న పుస్తకం. బళ్లో పిల్లలు రాసిన తప్పులు, ఒక్కో తప్పు కింద పిల్లవాడి పేరు, తరగతి, ఊరు. మొదటి పేజీలో, మూడు వందల ప్రతులు అని అచ్చు వేశారు. అక్కడే నిలబడి నాలుగైదు పేజీలు తిప్పాను. "ఆవు చేదు జంతువు. అది మనకు పలు ఇస్తుంది." "మా నాన్న ఊరి నుంచి వచ్చి నన్ను మొద్దు పెట్టుకున్నాడు." "మా పాటశాలలో ఇద్దరు ఉపాద్యులు ఉన్నారు, ఒకరు రారు." నాకూ నవ్వు వచ్చింది. ఆ చివరిది రాసిన సువార్త మా వీధి పిల్లే. దాని గొంతు కూడా వినిపించింది. నవ్వుతూ నవ్వుతూ ఒక చోట ఆగాను. ఇవన్నీ మేము తుడిచేశాం కదా, ఇక్కడికెలా వచ్చాయి? ఇంతలో లారీ వచ్చింది. పుస్తకం సంచిలో వేసుకుని బస్తాల దగ్గరికి వెళ్లాను. నా పేరు ఎక్కడుందో వెతకలేదు. వెతికి ఉంటే ఆ పుస్తకం ఇంటికి వచ్చేది కాదు.

మా బడి మా పేటలోనే ఉండేది. రెండు గదులు, ఒక వేపచెట్టు, వెనక మిరపకాయలు ఆరబోసే కల్లం. కోతల కాలంలో కిటికీ తెరిస్తే ఎర్రటి ఘాటు గదిలోకి కొట్టేది. టీచరు ఒక వాక్యం చదువుతారు, మేం పలక మీద రాయాలి. మధ్యలో ఒకరు తుమ్ముతారు, ఆ వెనక నలుగురు తుమ్ముతారు, టీచరూ తుమ్ముతారు. వాక్యంలో సగం తుమ్ముల్లో పోయేది. తప్పు పోతే, "తుమ్మొచ్చిందండీ, ఒత్తు ఇనపడలేదు" అనడం మా అందరికీ వచ్చిన సాకు. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే ఘాటు. ఇప్పుడు నేను పనిచేసే చోట కూడా అదే వాసన, కాకపోతే చల్లగా ఉంటుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా ఈ వయసులో కూడా నా వేళ్లు బలపం పట్టుకున్నట్టు ముడుచుకుంటాయి.

విమలమ్మ టీచర్ గారు దర్శి నుంచి మొదటి బస్సులో వచ్చేవారు. తెల్లటి నూలు చీర, చేతిలో టిఫిన్ డబ్బా, తల్లో ఒకే ఒక చేమంతి పువ్వు. మా పేట బడికి అంతకు ముందు వచ్చిన టీచర్లు నీళ్లు ఇంటి దగ్గర్నుంచి సీసాలో తెచ్చుకునేవాళ్లు. ఈమె మొదటి రోజే, "ఎవరింట్లో నీళ్లు చల్లగా ఉంటాయి?" అని అడిగి, మా ఇంటికి నన్ను పంపి చెంబుతో తెప్పించుకుని తాగారు. ఆ రోజు అమ్మ ఆ చెంబును చింతపండు పెట్టి రెండోసారి తోమి గూట్లో పెట్టింది. ఆ తర్వాత రెండేళ్లు ఆ చెంబుతో ఇంట్లో ఎవరం నీళ్లు తాగలేదు. అది టీచర్ గారి చెంబు. మా నమ్మకం ఎంత లోతుదో చెప్పడానికి ఇంతకంటే నాకు చేతకాదు.

తప్పుల విషయంలో ఆమెకొక పద్ధతి ఉండేది. కొట్టేవారు కాదు. వంద సార్లు రాయమనేవారు కాదు. బల్ల మీద ఒక రేకు డబ్బా, అందులో తడిపి పిండిన గుడ్డ. ఎవరైనా తప్పు రాస్తే దాన్ని అలాగే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేవారు. అందరం చదివేవాళ్లం, కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం, తప్పు రాసినవాళ్లు కూడా నవ్వేవాళ్లు. తర్వాత తప్పు రాసిన పిల్ల లేచి, డబ్బాలోంచి తడిగుడ్డ తీసుకుని, తన తప్పును తానే తుడవాలి. ఇంకొకరు తుడవకూడదు. తుడుస్తున్నప్పుడు ఎవరూ నవ్వకూడదు. తుడిచి వెనక్కి తిరగ్గానే టీచర్ గారు అడిగేవారు: "ఏం ఉందిరా అక్కడ?" అందరం ఒకేసారి, "ఏం లేదండీ!" అనేవాళ్లం. "లేనిదాని గురించి బయట ఎవరూ మాట్లాడకూడదు" అనేవారు. మాట్లాడేవాళ్లం కాదు. పేటలో పిల్లలు అన్నిటికీ కొట్టుకునేవాళ్లు, గోలీల దగ్గర, నీళ్ల దగ్గర, ఈతకాయల దగ్గర. కానీ బోర్డు మీద తుడిచిన తప్పును ఎత్తి చూపి ఎవరూ ఎవర్నీ ఏడిపించలేదు. ఒకసారి కోపంలో సువార్త, "ఒరేయ్ ఉపద్రవం!" అనబోయి, "ఒరేయ్ ఉప..." దగ్గరే ఆగి, "ఉప్పుగాడా!" అని తిట్టింది.

మేం బోర్డు తుడుస్తున్నప్పుడు వెనక ఒక చప్పుడు వినిపించేది. కాగితం మీద పెన్ను గీరుకునే చప్పుడు. హాజరు వేసుకుంటున్నారని అనుకునేదాన్ని. నాకు లెక్క అంటే అంత పిచ్చి కదా, హాజరు రోజుకు ఒక్కసారే వేస్తారు, మరి ఆ చప్పుడు రోజుకు అయిదారు సార్లు ఎందుకు వస్తోందని ఒక్కసారైనా అనుమానం రాలేదు.

లెక్కల్లో నాకు తప్పు పోయేది కాదు. అక్షరాల్లోనే పోయేవి. ఒత్తులు నాకు శత్రువులు. కింద రాయాల్సింది ఒకటి ఉందని పైది రాసేటప్పటికే మర్చిపోయేదాన్ని. రెండేళ్లలో నూట నలభై రెండు సార్లు లేచి తుడిచాను. ఆ అంకె నాకు ఎలా గుర్తుందంటే, రోజూ సాయంత్రం అమ్మకు అప్పజెప్పేదాన్ని కాబట్టి. అమ్మ చేలో నుంచి వచ్చి, నడుముకు కట్టుకున్న పత్తి ఒడి విప్పుతూ, "ఇయ్యాల ఎన్ని తుడిచావే?" అనేది. మూడు అనో, ఒకటి అనో చెప్పి, మొత్తం ఎన్నయ్యాయో కూడా కలిపి చెప్పేదాన్ని. "పోయినయ్యిగా, పోనీయ్" అనేది. పోతాయనే ఆమె కూడా నమ్మింది.

నాన్న పొగాకు కాల్చే బ్యారన్లలో పనికి వెళ్లి నెలకోసారి వచ్చేవాడు. నేను నాలుగో తరగతిలో ఉన్న సంవత్సరం చేలు సరిగా పండలేదు. అమ్మకు రెండు చీరలుండేవి. ఒకటి పాతబడితే చించి పత్తి ఒడి చేసుకుంది, ఒడి లేకపోతే పని లేదు. మిగిలింది ఒకటి. ఆ ఒక్కటి ఉతికిన రోజున అమ్మ నాన్న లుంగీ చుట్టుకుని, తలుపు దగ్గరగా వేసుకుని, చీర ఎండేదాకా లోపలే ఉండేది. ఆ రోజుల్లో మా ఇంట్లో జ్వరం చాలా పనులు చేసేది. ఆదివారం చర్చికి రాలేదేమని పాస్టరమ్మ అడిగితే, జ్వరం. పక్క వీధిలో పెళ్లికి వెళ్లకపోతే, జ్వరం. వాకిట్లోకి ఎవరైనా వస్తే, "మా అమ్మకు జొరం, పడుకుంది" అని నేను గడపలోనే చెప్పి పంపేయాలి. పేట మొత్తంలో ఎవరికీ తెలియదు. ఆ ఏడంతా అమ్మ ఎవరి ముందూ తల దించలేదు.

అలాంటి ఒక రోజున అమ్మ నాతో, "నీళ్లు నువ్వే మొయ్యాల. పొయ్యి బళ్లో సెలవు చెప్పు. జొరమని రాయి" అంది. మా బళ్లో సెలవు చీటీ కూడా పలక మీదే రాసివ్వాలి, కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి? గడపలో కూర్చుని పలక ఒళ్లో పెట్టుకున్నాను. అంతకు ముందు మూడు సార్లు ఆ మాట రాసి మూడు సార్లూ బోర్డెక్కాను. "జరం" అని ఒకసారి, "జవరం" అని ఒకసారి, "జోరం" అని ఒకసారి. నాలుగోసారి ఎక్కదలుచుకోలేదు. ఆ మాట లేకుండా చీటీ రాయాలంటే నిజం రాయడమే దారి. పలక మీద రాసింది తుడిచేస్తారు, తుడిచింది ఉండదు. టీచర్ గారు కాక ఎవరు చూస్తారు? అలా అనుకుని రాశాను.

టీచర్ గారు ఆ పలకను చాలాసేపు చూశారు. బోర్డు మీద రాయలేదు. నా చెవి దగ్గరికి వంగి, "ఎవరికీ చెప్పను. పలక ఇక్కడ పెట్టి వెళ్లు, నీళ్లు మోసుకో. రేపొచ్చి నువ్వే తుడుచుకో" అన్నారు. మర్నాడు అందరికంటే ముందు వెళ్లి తడిగుడ్డ తీసుకుని తుడిచాను. నీటి చారలు ఆరిపోయేదాకా పలకను చూస్తూ నిలబడ్డాను. "ఏం ఉంది అక్కడ?" అన్నారు. "ఏం లేదండీ" అన్నాను. ఆ సాయంత్రం అమ్మ, "ఏమంది టీచరమ్మ?" అని అడిగితే, "జొరం తగ్గిందా అంది" అని చెప్పాను. అది నేను అమ్మతో ఆడిన అబద్ధం. లెక్కలో అది కూడా రాయాలి.

కోటేశు పుస్తకం ఇచ్చిన సాయంత్రం సంగతికి వస్తాను. మా అమ్మాయి స్నేహ ఇంటర్ చదువుతోంది. టిఫిన్ డబ్బా తీయడానికి నా సంచిలో చెయ్యి పెట్టి ఆ పుస్తకం బయటికి లాగింది. అమ్మ కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతున్నాను. "అమ్మమ్మా, ఇది విను" అని స్నేహ చదవడం మొదలుపెట్టింది. దానికి తెలుగు తడుముకుంటూ వస్తుంది, ఆ తడుముకోవడంతో తప్పులు ఇంకా నవ్వు పుట్టిస్తున్నాయి. అమ్మ పకపకా నవ్వుతోంది. "మొద్దు పెట్టుకున్నాడంటనా? వాళ్ల నాన్న నాకు తెలుసు, అంత పనీ చేస్తాడు!" అంటోంది. ఆవాలు చిటపటలాడుతుంటే సగం మాటలు నాకు వినపడలేదు. ఆవాలు ఆగేసరికి స్నేహ గొంతు స్పష్టంగా వినిపించింది.

"గౌరనీయులైన టీచరు గారికి, మా అమకు ఒకటే చీర ఉంది. అది ఉతికింది. ఎండే దాక బయటికి రాదు. నేను నీలు మోయాలి. అందుకని దయ్యం ఉంచి నాకు ఒక పూట సెలవు ఇవండి. ఇటు, మీ విధేరాలు..."

నేను గరిటె పట్టుకునే బయటికి వచ్చాను. అప్పటికే స్నేహ నవ్వుతూ, "దయ్యం ఉంచి అంట! విధేరాలు అంట! ఎవరమ్మమ్మా ఇది..." అంటూ కింద పేరు చదివింది. "రత్నకుమారి. నాలుగో తరగతి. అమ్మా, ఇది నువ్వా?" అని తలెత్తి నా మొహం చూసింది. తర్వాత అమ్మమ్మ మొహం చూసింది. దాని నవ్వు సగంలో ఆగింది.

అమ్మ చేతిలో చింతపండు అలాగే ఉంది. నా వైపు చూడలేదు.

"జొరమని రాయమన్నా గదే" అంది.

అంతే అంది. మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోకి వెళ్లి పొయ్యి కట్టేశాను. మర్నాడు సాయంత్రం నేను గడప దగ్గర చెప్పులు విప్పకుండా కాసేపు నిలబడ్డాను. అమ్మ వాకిట్లోకి చూస్తూ కూర్చుంది. ఎన్ని అని అడగలేదు. ఆ రోజు వచ్చిన బస్తాలు నాలుగు వందల పన్నెండు. చెప్పకుండానే కాళ్లు కడుక్కున్నాను. అలా పదకొండు సాయంత్రాలు.

ఆ పదకొండూ గడిచాక వచ్చిన ఆదివారం, సెలవు పెట్టాల్సిన పని లేదు కాబట్టి, కోటేశును అడ్రసు అడిగి టీచర్ గారి ఇంటికి వెళ్లాను. కొడుకు కట్టిన మేడ, పై అంతస్తులో ఆమె గది. చేమంతి పువ్వు లేదు గానీ మనిషిని పోల్చుకున్నాను. ఆమె నన్ను అంతకంటే ముందే పోల్చుకున్నారు.

"లెక్కల రత్నం! రావే, రా! సన్మానానికి రాలేదేం? ముప్పై ఒకటో పేజీ చూశావా? అందరికీ అదే నచ్చింది తెలుసా. మా కోడలైతే మొదటి లైన్లకు కళ్లనీళ్లు పెట్టుకుని, దయ్యం ఉంచి దగ్గర మళ్లీ నవ్వేసింది!"

కాఫీ తెప్పించారు. కప్పు చేతిలో పెట్టుకుని అడిగాను.

"టీచర్ గారూ, అది నేను పలక మీద రాశానండీ."

"అవునమ్మా."

"మర్నాడు నేనే తుడిచాను. మీరు చూస్తుండగానే."

"నువ్వు తుడిచావు. నేను ముందు రోజే రాసుకున్నాను." ఏదో తెలివైన పని చేసినట్టు నవ్వారు. "అన్నీ రాసుకునేదాన్ని. మీరు వీపు తిప్పి బోర్డు తుడుస్తుంటే నేనిక్కడ రాసుకునేదాన్ని. లేకపోతే ఈ ముత్యాలన్నీ పోయేవి కదమ్మా!"

ఆ పెన్ను చప్పుడు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నూట నలభై రెండు సార్లు విన్న చప్పుడు.

"ఎవరికీ చెప్పనన్నారండీ."

ఆమె నా వైపు చూడకుండా కప్పులోకి చూశారు. "నలభై ఏళ్లయిందమ్మా రత్నం. ఇప్పుడు నీకేం తక్కువ? ఉద్యోగం చేసుకుంటున్నావు. పిల్లను చదివించుకుంటున్నావు. అంత కష్టంలోంచి వచ్చావని చదివినవాళ్లు మెచ్చుకుంటారు గానీ, ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?"

"నా సంగతి కాదండీ. చీర మా అమ్మది. ఆమెను ఒక మాట అడగొద్దా?"

"ఆమె ఉందా ఇంకా?" అన్నారు టీచర్ గారు.

ఆమె చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నాకు లెక్క సులువయ్యేది. మా ఇంటి చెంబుతో నీళ్లు తాగిన మనిషి, ఆ చెంబు తోమి గూట్లో పెట్టిన మనిషి బతికి ఉందో లేదో కనుక్కోకుండా, ఆమె చీర సంగతి మూడు వందల పుస్తకాల్లో వేయించారు. "ఉందండీ. మా అమ్మాయి చదివితే విన్నది" అన్నాను. "అయ్యో" అన్నారు. ఇంకేమైనా అంటారేమోనని చూశాను. "రెండోసారి అచ్చు వేస్తే తీసేయిస్తాలే" అన్నారు.

అవన్నీ రాసుకున్న నోటుబుక్కు చూపించమన్నాను. బీరువాలోంచి తీశారు. నల్ల అట్ట, పొడవాటి పుస్తకం, పాత రిబ్బను కట్టి ఉంది. ఇమ్మని అడిగాను. రెండు చేతులా గుండెకు ఆనించుకున్నారు.

"ఇది మాత్రం అడగొద్దమ్మా. నా ఉద్యోగం మొత్తం ఇందులోనే ఉంది."

"పోనీ ఆ ఒక్క పేజీ."

"ఒక్క పేజీ చించితే కుట్టంతా ఊడిపోతుంది."

కొడుకును పిలిచి, పంచగా మిగిలిన పుస్తకాలు అట్టపెట్టెలో నాకు ఇప్పించారు. అరవై రెండు. మెట్లు దిగుతుంటే పైనుంచి, "కోపం పెట్టుకోకే రత్నం!" అన్నారు. చిన్నప్పుడు ఆ గొంతు ఏం చెప్పినా "సరేనండీ" అనేదాన్ని. ఈసారి అనలేదు.

కోటేశు ఆటోలో ఇంటికి వస్తూ, ఆ పేజీ బ్లేడుతో కోసేస్తానని చెప్పాను. వాడు ఆటో పక్కకు తీసి ఆపేశాడు.

"కొయ్యబాకే తల్లీ! దాని ఎనక పేజీలో ఉండేది నేను. నా బతుక్కి నేను పుస్తకంలో పడింది అదొక్కటే. మా మనవడికి చూపిచ్చుకోవాల!"

అందుకని కోయలేదు. మా కోల్డ్ స్టోరేజీలో బస్తాల మీద అంటించే తెల్ల స్టిక్కర్లు ఉంటాయి. రైతు పేరు, లాటు నంబరు రాసి అంటిస్తాం. ఒకసారి అంటితే చలికీ రాదు, తడికీ రాదు. ముప్పై ఒకటో పేజీ మీద ఒకటి అంటిస్తే నా చీటీ మొత్తం మూతపడుతోంది, అటువైపు కోటేశు ఉపద్రవం పదిలంగా ఉంటోంది. ఆ రాత్రి పుస్తకాలన్నీ నేల మీద పరుచుకుని అంటించడం మొదలుపెట్టాను. అమ్మ మంచం మీదనుంచి చూస్తోంది.

"ఏందే అది?"

"ఆ పేజీ మూసేస్తున్నా. టీచరమ్మ చేత్తో రాసుకున్న నోటుబుక్కు మాత్రం ఇవ్వలేదు, బీరువాలోనే ఉంది."

మంచం దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. అంటించినది ఒకటి తీసుకుని, తెల్ల కాగితం మీద బొటనవేలితో రుద్ది చూసింది. అంచు గోటితో లాగి చూసింది. రాలేదు. ఇంకొకటి తీసుకుని అలాగే చూసింది. అప్పుడు అడిగింది.

"ఎన్నే?"

"అరవై రెండు" అన్నాను. "ఊఁ" అంది.

మిగిలినవి మండపంలో పంచేశారు. ఎవరెవరికి ఇచ్చారో పేర్లు రాసుకోలేదు. కోటేశు మా బడివాళ్ల దగ్గర్నుంచి తెస్తాడు, నేను ఆదివారాలు టీచర్ గారి బంధువుల ఇళ్లకు, ఆమెతో పనిచేసిన వాళ్ల ఇళ్లకు వెళ్తాను. కొందరు అసలు కారణం అడగకుండా ఇస్తారు. కొందరు, ఏముంది అందులో అంటూ అప్పుడు తెరిచి చదువుతారు, అది నాకు కష్టం. ఒక పెద్దాయన, "బహుమతిగా ఇచ్చింది వెనక్కివ్వను, కావాలంటే ఇక్కడే అంటించుకో" అన్నాడు. ఆయన ముందే అంటించి వచ్చాను. ఆ పేజీని ఎవరో ఫోన్లో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టారని స్నేహ చెప్పింది. అవి ఎన్నో తెలియదు, తెలిసే దారీ లేదు. బలపాల్లాగే వాటిని కూడా లెక్కలోంచి తీసేశాను.

స్నేహ వాళ్ల కాలేజీలో పిల్లల జవాబు పేపర్లు ఫొటో తీసి నవ్వుకోవడానికి గ్రూపులో పెట్టే మాస్టారు ఒకరున్నారట. పేరు కనపడేలాగే పెడతాడట. "మీ టైంలో బాగుండేదమ్మా, తుడిచేసేవాళ్లు" అంది ఒకరోజు. అవునని అనబోయాను. అనలేకపోయాను. వాళ్ల మాస్టారు వాళ్లు చూస్తుండగానే పెడుతున్నాడు. మాకు మాత్రం ఒక డబ్బా, అందులో తడిగుడ్డ, తుడిచాక ఏం లేదండీ అని చెప్పే పాట ఉండేవి. ఇప్పటికీ ఆ గుడ్డ చల్లదనం నా అరచేతిలో ఉంది. ఏది నయమో నాకు తేలలేదు. తేలని లెక్కలు నాకు అలవాటు లేవు.

ఇవాళ సాయంత్రం కోటేశు గేటు దగ్గర మూడు ఇచ్చి వెళ్లాడు. ఇంటికి రాగానే అమ్మ గడప దగ్గర ఉంది. బస్తాల సంగతి ఇప్పుడు అడగడం లేదు.

"ఇయ్యాల ఎన్నే?"

"మూడు."

"ఇంకా?"

పంచినవాటిలో నూట ఏడింటికి అంటించాను. పెట్టెలోవి అరవై రెండు. మూడు వందల్లో అవి పోను మిగిలినది చెప్పాను. "నూట ముప్పై ఒకటి."

వంద దాటితే ఆమెకు ఏ అంకైనా ఒకటేనని ముందే చెప్పాను. ఈసారి "ఊఁ" అనలేదు. "టీచరమ్మ బీరువాలో ఉండేది కలిపావా?" అంది.

కలపలేదు. కలిపితే నూట ముప్పై రెండు.